గట్టు మీద బకెట్

మందు కొట్టే రోజులు పోయాయి. ఇప్పుడు ఏ మడి పురుగుకి ఆ మడి పొడి. అందులోని సూక్ష్మజీవులు సొంత మడి పురుగులకే అతుక్కుని తినేస్తాయి, పరాయి మట్టి పురుగుల్ని ముట్టవు. అందుకే చుక్కమ్మ పసుపు మడి గట్టు మీద బకెట్ పెట్టి, వచ్చినవాళ్లందరి చేతా కాళ్లు కడిగిస్తుంది.

ఈవేళ ఒక వేరు పీకి ఫోన్ భూతద్దంలో చూస్తే, పురుగులకు ఏమీ అతుక్కోలేదు. అంటే అవి పరాయి మట్టివి.

"నువ్వే తెచ్చినవ్!" అంటూ చుక్కమ్మ పక్కమడి తోటికోడలు రాజవ్వ మీద విరుచుకుపడింది.

"నీ ముంగటే కాళ్లు కడుక్కుంటి గదక్కా!"

అంతలో పొడి కంపెనీ సారు బైకు దిగాడు. "కొత్త పురుగు పడిందటగా? కొత్త పొడి తెచ్చాను."

ఆ సంగతి తోటికోడళ్లిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. పోయిన నెల ఆయన బూట్లతోనే మడంతా తిరిగాడు. సారు కదా అని ఎవరూ కడగమనలేదు.

చుక్కమ్మ బకెట్ ఆయన ముందుకు జరిపింది.

"బూట్లు ఇప్పుండ్రి సారూ. కడగకుండ్రి. ఆ మట్టి ముందుగాల నేను చూస్త."