వంకల పెద్దమ్మ

పెద్దావిడ తువ్వాలును రెండు చేతులా ఎత్తి మేనేజరు ముఖానికి అడ్డంగా చాపింది.

"నువ్వు నవ్వుతున్నావో ఏడుస్తున్నావో కూడా ఇందులోంచి కనిపిస్తోంది నాయనా. ఇదేం తువ్వాలు?"

గది కోసం వచ్చిన జంట కిసుక్కున నవ్వింది. ఇంకో హోటలు చూసుకుందామని వెళ్లిపోయింది.

అది పోయిన నెల సంగతి.

ఆవిడ నెలకోసారి వస్తుంది. పక్క వీధిలోని ఆస్పత్రిలో కంటికి సూది వేయించుకుంటుంది. ఆ రోజు ప్రయాణం చేయకూడదు కాబట్టి ఆరో నంబరు గదిలో ఉండి, మర్నాడు బస్సెక్కుతుంది. వెళ్లేలోపు కొళాయి కారుతోందనీ, తలగడ రాయిలా ఉందనీ, పక్క గదిలో తుమ్మితే తను చిరంజీవ అనాల్సి వస్తోందనీ కౌంటరు దగ్గరే, అందరి ముందూ చెబుతుంది.

మేనేజరూ, గదులు శుభ్రం చేసే అతని భార్యా ఆవిడకు వంకల పెద్దమ్మ అని పేరు పెట్టుకున్నారు.

ఆవిడ చెప్పేది అబద్ధం కాదు. ఒకప్పుడు ఈ కంపెనీ హోటళ్ల బోర్డు ఏ ఊళ్లో కనిపించినా జనం కళ్లు మూసుకుని దిగేవారు. తక్కువ ఖర్చు, ఉతికిన దుప్పటి, వేడినీళ్లు. కంపెనీ చేతులు మారాక సబ్బు చిక్కిపోయింది. రెండో తలగడ మాయమైంది. ఒక్కో గదికి మధ్యలో చెక్క కొట్టి రెండు చేశారు. అద్దె మాత్రం పెరిగింది.

కొత్త తువ్వాళ్లు పంపమని ఎన్నిసార్లు అడిగినా హెడ్డాఫీసు జవాబు ఒక్కటే. ఉన్నవాటితో సర్దుకోండి.

ఇవాళ ఆ హెడ్డాఫీసు నుంచే అధికారి వస్తున్నాడు. ఈ హోటలును ఉంచాలో మూసేయాలో తేల్చడానికి.

మూసేస్తే ఉద్యోగాలతో పాటు మెట్ల కింది గది కూడా పోతుంది. ఆ గదిలోనే వాళ్ల కాపురం. కూతురు చదువుకునేదీ అక్కడే.

పొద్దున్నించీ భార్య తుడిచిన నేలనే తుడుస్తోంది.

"ఏమండీ, మీకో మాట చెప్పలేదు. పెద్దమ్మ పోయినసారి వెళ్తూ హెడ్డాఫీసు ఎక్కడని అడిగింది."

"చెప్పావా?"

"మామూలుగా అడిగిందనుకుని చెప్పేశాను."

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు.

"అయితే మన కొంప ముంచింది ఆవిడేనన్నమాట."

అంతలోనే పెద్దమ్మ వచ్చింది. ఎడమ కంటికి తెల్లటి కట్టు. గోడ తడుముకుంటూ కౌంటరు దగ్గరికి నడిచింది.

"ఆరో నంబరు ఇయ్యి నాయనా."

"గదులు లేవండీ."

"తాళంచెవి నీ వెనకే వేలాడుతోందిగా! నాకు మూసింది ఒక్క కన్నే."

"అది వేరేవాళ్లకి ఇచ్చేశాం."

"ఇవాళ నేనిక్కడ ఉండి తీరాలి. నీకు తెలీదు, నా మాట విను..."

"మీ మాటలు నెలనెలా వింటూనే ఉన్నాం! మీకో దణ్ణం పెద్దమ్మా. మాకూ ఓ పిల్ల ఉంది. ఈ ఒక్కరోజు ఇంకెక్కడైనా వంకలు పెట్టుకోండి."

నిజంగానే రెండు చేతులూ జోడించాడు.

పెద్దమ్మ ఆ చేతులకేసి చూసింది. అతని భార్య వైపు తిరిగింది.

"నేను చెప్పిన కొళాయి బాగైందా అమ్మా?"

"నేనే గుడ్డ చుట్టి బిగించానండీ."

"చేస్తావని తెలుసు," అని సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.

భార్య గుమ్మం దాకా వెళ్లి చూసింది.

"బస్సెక్కేస్తోందండీ. కంటికి కట్టుతో..."

"ఎక్కనీ."

"ప్రయాణం చేయకూడదు కదా."

"రేపు మనం రోడ్డున పడితే ఎవరిస్తారు గది?"

బస్సు కదిలింది. భార్య మళ్లీ గుడ్డ అందుకుంది.

మధ్యాహ్నం అధికారి వచ్చాడు. చెక్క గోడ మీద వేలితో కొట్టి విన్నాడు. తువ్వాలు ఎత్తి వెలుతురులో చూశాడు.

మేనేజరు ఆగలేకపోయాడు. "సార్, ఎవరో మా మీద ఫిర్యాదు చేశారని..."

"ఎవరో ఏమిటయ్యా, అందరూ చేశారు. నీ ముందు నవ్వుతూ బాగుందని చెప్పి వెళ్లినవాళ్లంతా ఇంటర్నెట్లో దుమ్మెత్తిపోశారు. మూసేద్దామని ఎప్పుడో అనుకున్నాం."

భార్య గోడకు ఆనుకుంది. "మరి ఇంకా ఎందుకు మూయలేదు సార్?"

"ఒక్క మనిషి వల్ల. మా ఆఫీసుకు వచ్చి, మా పెద్దాయన బయటికి వచ్చేదాకా కదలకుండా కూర్చున్నారు. 'మీరు పంపని తువ్వాళ్లకు వాళ్లేం చేస్తారు? ఆ మొగుడూ పెళ్లాల రెక్కల మీదే ఆ హోటలు నిలబడింది. వాళ్లను రోడ్డున పడేస్తే ఉసురు తగులుతుంది' అని దులిపేశారు."

మేనేజరు బుర్ర బద్దలుకొట్టుకున్నాడు. నవ్వుతూ వెళ్లిన ముఖాలన్నీ తలుచుకున్నాడు. ఒక్కటీ సరిపోలేదు.

"ఆ మనిషిని పక్కన పెట్టుకుని గదిగదీ చూసి రమ్మన్నారు మా పెద్దాయన," అన్నాడు అధికారి. "ఆ మాట నిలబడితే హోటలు ఉంటుంది. లేదంటే సాయంత్రానికి తాళం."

భార్య కళ్లు తుడుచుకుంది. "ఏ తల్లి కన్న బిడ్డో! ఇవాళ వస్తామన్నారా సార్?"

అధికారి మెట్ల వైపు చూశాడు.

"ఈపాటికి వచ్చే ఉండాలే, ఎడమ కంటికి కట్టు ఉంటుందనీ ఆరో నంబరు గదిలో దిగుతాననీ చెప్పారు ఆ పెద్దావిడ... కాస్త పిలుస్తారా?"