ఆరో గుంటలో గాలి

"నేను తేల్చిందాకా ఎవురూ ఆ కాగితం ముట్టుకోబాకండి" అన్నాడు మస్తానయ్య, ఐసీయూ ముందు స్టీలు కుర్చీలో కాలు మీద కాలేసుకుని.

లోపల ఆయన తమ్ముడు పెంచలప్రసాద్ వెంటిలేటర్ మీద ఉన్నాడు. రొయ్యల గుంటలో బ్లీచింగు చల్లుతూ ఆ ఘాటు పీల్చి నాలుగు రోజులైంది. ఊపిరితిత్తులు రెండూ చేతులెత్తేశాయి.

డాక్టరు ఉషారాణి పొద్దున్నే వచ్చి సంగతి విడమరిచి చెప్పింది. ఇక మిగిలింది ఎక్మో ఒక్కటే. ఒంట్లో రక్తాన్ని గొట్టంతో బయటికి లాగి, మిషనులో దానికి గాలి పట్టించి, మళ్లీ ఒంట్లోకి పంపుతారు. ఈలోగా ఊపిరితిత్తులు కోలుకోవాలి. పెట్టిన పదిమందిలో అయిదారుగురు బయటపడతారు. రక్తం ఆగకుండా కారొచ్చు, మెదడులో గడ్డకట్టొచ్చు, కాలు పోవచ్చు. పెట్టకపోతే మాత్రం రేపటిదాకా కష్టం. ఆలస్యం చేసేకొద్దీ ఆశ తగ్గిపోతుంది.

పెంచలప్రసాద్ భార్య వాణి సంతకానికి చెయ్యి చాపింది. మస్తానయ్య అడ్డం పడ్డాడు. ఇంటికి పెద్ద తను. తన మాట కాదని మిషను పెట్టి, రేపు తమ్ముడికేమన్నా అయితే ఊరినంతా తోలుకొచ్చి ఈ అద్దాల తలుపులు ఉండనివ్వనన్నాడు. ఇట్లాంటివి చూసి ఉన్న డాక్టరు కాగితం వెనక్కి తీసుకుని, గంటలో మీరూ మీరూ ఒక మాట మీదికి రండని వెళ్లిపోయింది.

ఆ గంట కాస్తా రెండు గంటలైంది. పెద్దరికమంతా ఫోనులోనే నడుస్తోంది. మస్తానయ్య కోవూరు మేనమామను అడిగాడు. చిల్లకూరులో మందుల షాపు పెట్టుకున్న తోడల్లుణ్ణి అడిగాడు. ఆయన మందులమ్ముతాడు గనక డాక్టరు కిందే లెక్క. అడిగినవాళ్లంతా పెద్దోడివి, నీ ఇష్టమన్నారు. ఆ ఇష్టమే ఈయన దగ్గర లేదు. తమ్ముడు ఊరికే పోతే తలరాత అంటారు. సంతకం పెట్టాక పోతే మస్తానయ్య చంపాడంటారు. ఆ ఒక్క ముక్క దాచుకుని, నోటికొచ్చిన కారణాలన్నీ చెప్పాడు.

"పదిమందిలో అయిదుగురంటే ఏం లెక్కమ్మాయ్ అది? సగం పంట. రేపు కాలు పోతే గట్టు మీద ఎట్టా నడస్తాడు?"

"నడవలేకపోతే కూర్చుంటాడు" అంది వాణి. "బావా, ఆరో గుంటలో గాలి చాల్లేదని పోయిన నెల ఒక్క పూటలో నాలుగు ఏరియేటర్లు తెచ్చి దించినావే. అప్పుడు కోవూరు మామను అడిగినావా?"

"రొయ్యలు వేరు, మనిషి వేరు."

వాణి ఆయన మొహంలోకి చూసింది. ఫోను తీసుకుని మెట్ల వైపు వెళ్లింది. ఆడది గదా, ఏడవడానికి పోయిందనుకున్నాడు మస్తానయ్య.

పది నిమిషాలకు ఆయన ఫోను మోగింది. గుంటల కాడ కాపలా ఉండే హజరత్తయ్య. కరెంటు పోయిందట. జనరేటరు ఎంత తిప్పినా పట్టుకోవడం లేదట. ఆరో గుంటలో రొయ్యలు పైకి తేలుతున్నాయట.

మస్తానయ్య లేచిన ఊపుకి వరస కుర్చీలన్నీ కిర్రుమన్నాయి. ఈసారి మేనమామ గుర్తుకు రాలేదు, తోడల్లుడు గుర్తుకు రాలేదు. తమ్ముడున్న తలుపు వైపు తల కూడా తిప్పలేదు. మెట్ల మీద ఎదురైన వాణికి ఒక్క మాట చెప్పకుండా దిగిపోయి కారెక్కాడు. గుంటలున్న ఇందుకూరుపేట దాకా ఫోను చేస్తూనే ఉన్నాడు, హజరత్తయ్య ఎత్తలేదు. గాలందక కొట్టుకునే రొయ్యలు కళ్ల ముందు మెదులుతుంటే కారు జోరు ఇంకా పెంచాడు. అట్లాంటప్పుడు ఒక్కో నిమిషం విలువెంతో ఆయనకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు.

రొప్పుకుంటూ గట్టెక్కి చూశాడు. ఆరో గుంటలో నాలుగు ఏరియేటర్లూ తెల్లటి నురగ చిమ్ముతూ గిరగిరా తిరుగుతున్నాయి. షెడ్డు నీడలో హజరత్తయ్య తాపీగా అన్నం తింటున్నాడు.

"కరెంటు ఎప్పుడొచ్చిందిరా?"

"పోతే గదన్నా రావడానికి" అన్నాడు హజరత్తయ్య ముద్ద మింగి. "అక్కడ సంతకం అయిందాకా నిన్ను ఇక్కడ కూర్చోబెట్టమనింది వాణక్క."