తుడవకండి, అది సంతకమే

తెలుగులో సంతకం చేయడానికి సిగ్గుపడేది మీరే. కాదనకండి.

నాటింగ్‌హామ్‌లో పాత బేస్‌బాల్ కార్డుల సంత. స్టాల్ పెట్టిన గోవిందరాజులు అంకుల్, తొంభైల నాటి మహిళా క్లబ్ కార్డు ఒకటి పట్టుకుని స్పిరిట్‌లో దూది ముంచుతున్నారు. కార్డు మీద ముఖం కనిపించకుండా ఇనుప జాలీ మాస్కు తగిలించుకున్న క్యాచర్, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగత్తె. కింద తెలుగులో సంతకం.

"ఎందుకు తుడుస్తున్నారు అంకుల్?"

"ఇంగ్లీషులో ఉంటే ఆటోగ్రాఫ్ అమ్మా, తెలుగులో ఉంటే పిచ్చిగీతలు. ఇక్కడెవరు కొంటారు?"

"ఆమెనడిగారా?"

"ఎక్కడుందో ఏమో! నువ్వేమైనా పట్టుకొస్తావా?"

కార్డు లాక్కుని, పెన్ను తీసి, ఆయన బిల్లుబుక్కు మీద అవే వంపులతో అదే సంతకం చేశాను. అంకుల్ రెండు సంతకాలూ పోల్చి చూసి, "ఆ మాస్కు వెనక ఉన్నది నువ్వా?" అన్నారు.

దూది పారేయండి.

కార్డును అద్దాల పెట్టెలో, ఇంగ్లీషు సంతకాల పక్కనే పెట్టండి.

చీటీ మీద 'ఆటోగ్రాఫ్' అని రాయండి.

చదివేవాళ్లు కూడా పెన్ను తీయండి.