దానమ్మ నోటుబుక్కు

“యాడ ఎక్కువ ఉండాయి?” దానమ్మ అడిగింది.

యేసేపు ముందు ఒకే తీరు గ్లాసులు రెండు, సమానంగా నీళ్ళు. అతను చూస్తుండగానే ఒక గ్లాసు నీళ్ళను సన్నటి పొడుగు సీసాలోకి వంచింది. యేసేపు వేలు సీసా వైపు పోయింది.

“దీంట్లో.”

“నేను ఒక్క సుక్క గూడా పొయ్యలేదు కదా?”

“దీంట్లోనే. ఇది పొడుగుంది.”

దానమ్మ నోటుబుక్కు తెరిచి తేదీ వేసి, ‘నీళ్ళు – ఇంకా రాలేదు’ అని రాసింది. యేసేపు మూతి తుడిచి, చొక్కా గుండీలు పెట్టి, పక్కింటి మదార్‌బీని కేకేసింది.

“గొళ్ళెం పెట్టే పోమ్మా,” అంది మదార్‌బీ. “బయట పడితే నేను పట్టలేను.”

గొళ్ళెం పెట్టి దానమ్మ బడికి బయలుదేరింది. ఎమ్మిగనూరు వీధుల్లో అప్పటికే మగ్గాల చప్పుడు మొదలైంది.

రెండేళ్ళ క్రితం, డెబ్బై ఏడులో, జ్వరం తలకెక్కి యేసేపు పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. తెరిచాక మాట లేదు, మనుషుల గుర్తు లేదు. కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు, “మెదడు దెబ్బతినింది తల్లీ. పసిబిడ్డకు నేర్పినట్టు నేర్పు. ఎంతొస్తే అంత,” అన్నాడు.

దానమ్మ టీచరు ట్రైనింగు నాటి శిశు మనస్తత్వం పుస్తకాన్ని పెట్టెలోంచి తీసింది. ఏ వయసుకు ఏ మాట వస్తుందో, ఏ తెలివి వస్తుందో అందులో వరసగా ఉంది. అప్పట్లో పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయినవే. ఇప్పుడు ఒక్కో మెట్టూ యేసేపు చేత ఎక్కించసాగింది.

ఏడో నెలలో యేసేపు ఆమె కొంగు పట్టుకుని మొదటిసారి “అమ్మా” అన్నాడు. మదార్‌బీ మొహం తిప్పుకుని ఏడ్చింది. దానమ్మ నవ్వలేదు, ఏడవలేదు. తేదీ రాసుకుని బియ్యం కడగడానికి పోయింది. ఆనాటి నుంచి ఆమె అంతే. మంచి జరిగినా చెడ్డ జరిగినా అది గోడకు తగిలినట్టు బయటే ఆగిపోయేది, లోపలికి దిగేది కాదు.

ఆ రోజు బడిలో హెడ్మాస్టరు భీమప్ప బెత్తం పట్టుకుని ఒకటో తరగతికి వచ్చాడు. నేతగాళ్ళ పిల్ల లింగమ్మను లేపాడు.

“మూడుకు రెండు కలిపితే ఎంత?”

లింగమ్మ నోరు మెదపలేదు. బెత్తం లేచింది.

“పొగరు!”

దానమ్మ ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. పొద్దున సీసా ముందు కనిపించిన చూపే అది.

“కొట్టద్దు సార్. అది మొండితనం కాదు. ఆ పాప ఆడికి ఇంకా చేరలేదు.”

“ఆడికంటే యాడికి?”

“అంకెకాడికి. చేతిలో వస్తువు లేకుండా లెక్క తోచే వయసు కాదు సార్ అది.”

మర్నాడు పలకలు పక్కన పెట్టించి, ఇళ్ళలోంచి నూలు అయిపోయిన ఖాళీ కండెలు తెమ్మంది. పిల్లలు వాటిని వరసలు పేర్చారు, జతలు కట్టారు, ఒకరివి ఒకరు మార్చుకున్నారు. బడిలో పనికొచ్చిన ఆట సాయంత్రం యేసేపుతో ఆడేది. యేసేపు తడబడిన చోటు గుర్తుపెట్టుకుని, మర్నాడు తరగతిలో అక్కడ నిదానించేది.

భీమప్పకు ఒళ్ళు మండింది.

“దసరాకు కూడికలు రావాల్సింది పోయి, కండెలాట ఆడిస్తాండావా? ఇన్‌స్పెక్టరుకు రాసినాను. హాలహర్వికి బదిలీ అయితే అప్పుడు తెలుస్తాది నీకు.”

హాలహర్వి నుంచి రోజూ ఇల్లు చేరడం కుదరదు. మదార్‌బీ చూస్తే ముసలిది.

“మంచిది సార్,” అంది దానమ్మ. భయం కూడా రాలేదు.

దసరా దాటాక ఆదోని నుంచి ఇన్‌స్పెక్టరు జీపులో దిగాడు. ఎవరూ అడగకుండానే భీమప్ప లింగమ్మను ముందుకు తోశాడు.

“మూడుకు రెండు కలిపితే?” ఇన్‌స్పెక్టరు అడిగాడు.

లింగమ్మ వేళ్ళు ఒళ్ళో ఏదో పేర్చినట్టు కదిలాయి. “ఐదు సార్.”

“ఐదుకు నాలుగు?”

“తొమ్మిది.”

“ఎట్ల తెలిసింది పాపా?”

“కండెలు ఈడ లేకపోయినా కనపడతాండాయి సార్.”

ఇన్‌స్పెక్టరు ఇంకో పదిమందిని లేపి అడిగాడు. ఇద్దరు తప్ప అందరూ చెప్పారు. భీమప్ప గోడ వైపు తిరిగాడు.

“ఇదంతా యాడ నేర్చుకుంటివమ్మా?” ఇన్‌స్పెక్టరు దానమ్మను అడిగాడు.

దానమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు నిలబడే చదవడం మొదలుపెట్టి, కాసేపటికి కుర్చీ లాక్కున్నాడు.

“‘అమ్మా – యేసేపు మొదటి మాట. చెంచా పేరు చెప్పాడు. ఎరుపు, పసుపు తెలిశాయి. తప్పు చేస్తే దాచుకుంటున్నాడు. నీళ్ళు – వచ్చింది, రెండూ ఒకటే అని నవ్వాడు.’” అతను తలెత్తాడు. “రెండేండ్లుగా ఒక్క దినం తప్పలేదే! ట్రైనింగు పిల్లలకు ఇది చదివించాల. నిన్ను యాడికీ పంపేది లేదు. ఈన్నే ఉండు.”

“మంచిది సార్.”

“ఈ యేసేపు ఎవరు?”

“మా ఇంట్లోనే సార్.”

ఇన్‌స్పెక్టరు గొంతు మెత్తబడింది. “ఇంత దూరం తెచ్చినావు. వచ్చే యేడు తీసుకొచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెట్టు. ఎవరన్నా అడ్డం చెప్తే నేను చూసుకుంటా.” జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద పేరు రాసుకున్నాడు. “వయసెంత?”

దానమ్మ నోటుబుక్కు తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

“నలభై రెండు సార్, మా ఆయనకు.”