ఎడమవైపు తలుపు

"ఆ తలుపు మాత్రం వదిలెయ్ బాబూ. పైపైన తుడిచి కోటింగ్ వేసెయ్."

వెనక నుంచి ఆ మాట వినపడగానే పాలిష్ మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి! షెడ్డులో ఉన్నది అలాంటి ఇలాంటి కారు కాదు, పిల్లనిచ్చిన మామగారి ఎర్రకారు. పన్నెండేళ్లుగా అల్లుడి పనిని 'కార్లు తుడవడం' అంటూ వచ్చిన ఆ పెద్దమనిషి, మొట్టమొదటిసారి తాళంచెవి అతని చేతిలో పెట్టి "చూద్దాం నీ పనితనం" అన్నారు.

ఆ 'చూద్దాం' రెండు రోజులుగా మేస్త్రి చెవిలో జోరీగలా తిరుగుతోంది. సాయంత్రానికి మామగారు ఆ తలుపులో తన మీసం తాను చూసుకోవాలి. అప్పుడుగానీ అతని మనసు చల్లబడదు.

రంగు మీద అద్దంలా మెరిసే ఆ కోటింగ్ ఒకసారి వేశాక, కింద ఏ గీత ఉంటే ఆ గీత ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే ముందు మిషనుతో రెండు మూడు రౌండ్లు రుద్ది గీతలు తీస్తారు. రుద్దినకొద్దీ రంగు పలచబడుతుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే మేస్త్రి.

అది దారినపోయే మనిషి వచ్చి చెప్పడమేమిటి?

"ఎవరు నువ్వు? లోపలికి ఎవరు రమ్మన్నారు?"

"ఎదురుగా బస్టాపులో ఉన్నాను. కారు కనపడితే వచ్చాను."

"కనపడిన కారల్లా చూసిపోడానికి ఇదేమన్నా ఎగ్జిబిషనా?"

పెద్దాయన నవ్వాడు. వెలిసిపోయిన చొక్కా, భుజాన సంచీ.

"మిగతా కారంతా నీ ఇష్టం. ఆ తలుపు మీద మాత్రం మూడో రౌండుకి వెళ్లకు. నాలుగు గీతలుంటే ఉండనీ."

"గీతలుంచి కోటింగ్ వేస్తే నన్ను మేస్త్రి అనరు, ఇంకేదో అంటారు!"

మేస్త్రి రంగు మందం చూపించే మీటరు తీసి తలుపుకి ఆనించాడు. అంకె కనపడేలా ఆయన ముఖం ముందు పెట్టాడు.

"చదువు! కారంతా నూట ఇరవై. ఇక్కడ మూడొందలు. మందం ఎక్కువున్న చోటే రుద్దొద్దంటావ్! ఏం లెక్కయ్యా ఇది?"

"ఆ మందమంతా లప్పం బాబూ. పైన రంగు ఉల్లిపొరంతే."

లప్పం! గుద్దుకుని సొట్టపడ్డ చోట పూడ్చే లప్పం! మామగారి కారుకి!

"నోరు జాగ్రత్త! ఈ కారుకి కొన్నప్పటి నుంచి చీమ కూడా తగల్లేదని మా మామయ్య పదిమందిలో చెప్పుకుంటారు. మా పెళ్లికి మమ్మల్ని ఎక్కించుకెళ్లిందీ ఈ కారే. అంటే ఆయన అబద్ధాలకోరా?"

పెద్దాయన తలుపు మీంచి చూపు తిప్పి మేస్త్రి వైపు చూశాడు.

"మీ మామగారు అలా చెప్పారా?"

"ఒకసారి కాదు, వందసార్లు చెప్పారు!"

"అయితే నేనే పొరబడ్డానేమో."

"పొరబడ్డానంటే సరిపోయిందా? పనిచేసుకునేవాడి చెయ్యి ఆపి, పెద్దవాళ్ల మీద నింద వేసి... ముందు బయటికి నడు!"

ఆయన బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు.

"మీ ఆవిడ, పిల్లలు కులాసానా బాబూ?"

"నా పెళ్లాం పిల్లల సంగతి నీకెందుకయ్యా!"

బస్సు వచ్చింది. ఆయన ఎక్కి వెళ్లిపోయాడు.

మేస్త్రి కసికొద్దీ మిషను అందుకున్నాడు. మూడో రౌండు మొదలుపెట్టి నిమిషం కాలేదు, మిషను స్పాంజికి ఎరుపు అంటింది. ఉలిక్కిపడి ఆపేసరికే ఆలస్యమైంది. తలుపు మధ్యలో అరచేతంత మేర రంగు ఊడిపోయి పసుపచ్చటి లప్పం బయటపడింది.

సరిగ్గా అప్పుడే దిగారు మామగారు.

"ఏం చేశావయ్యా!"

మేస్త్రికి దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"నేనేం చేశాను? మీ మాట నమ్మాను! చీమ కూడా తగల్లేదన్నారుగా మామయ్యా? మరి ఈ లప్పం ఆకాశం నుంచి ఊడిపడిందా? ఎవరో పెద్దాయన రుద్దొద్దని మొత్తుకున్నాడు. మీ మాట నిలబెట్టడానికి ఆయన్ని బయటికి గెంటాను!"

ఎదురు అరుస్తారనుకున్న మామగారు స్టూలు మీద కూలబడ్డారు.

"ఆయన... ఇంకేం అన్నాడు?"

"ఏమంటాడు? మీరలా చెప్పారనగానే, నేనే పొరబడ్డానేమో అని వెళ్లిపోయాడు."

"నా మాట కాదనలేదా?"

"లేదు."

మామగారు తలుపు వంక చూడలేక తల దించుకున్నారు.

"తాళంచెవి ఇచ్చేటప్పుడే నీకు చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఈ లప్పం సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు అల్లుడూ."

మేస్త్రి రోడ్డు మీదికి పరుగెత్తాడు. బస్టాపు ఖాళీగా ఉంది. తిరిగొచ్చి మామగారి ఎదుట నిలబడ్డాడు. ఇప్పుడు అతని గొంతులో కోపం లేదు.

"ఎవరు మామయ్యా ఆయన?"

"పెయింటరు. మీ పెళ్లి వారం ఉందనగా సందు మలుపులో ఆయన సైకిల్ని గుద్దేశాను. సొట్ట చూసి మీవాళ్లు అపశకునమని పెళ్లి ఎక్కడ ఆపేస్తారోనని నేను వణికిపోతుంటే, నా వల్ల విరిగిన కుడిచెయ్యి మెడకి కట్టుకుని, ఎడంచేత్తో ఆ ఒక్క కోటు రంగూ వేసిపెట్టింది ఆయనే."