ఏడు పెట్టొద్దా?

రొమ్ములో గడ్డ రిపోర్టు కోసం ఎల్బీనగర్ దవాఖానలో కూర్చున్న జోస్నా కుదురుగా ఉండలేకపోతోంది. అత్త కిష్టమ్మ పేపర్లోని సుడోకు ఆమె ముందు పెట్టింది.

"ఈడ ఏడు పెడదామా బిడ్డా?"

"వద్దత్తమ్మా. గీ అడ్డం వరుసల ఏడుంది. నిలువు వరుసల, చిన్న డబ్బల గూడ ఒక్కో అంకె ఒక్కసారే రావాలె."

"మర్శిపోయిన. మళ్ల చెప్పు."

నాలుగుసార్లు చెప్పింది జోస్నా. అయిదోసారి విసుక్కుంటుండగా పేరు పిలిచారు.

భయం లేదన్నాడు డాక్టర్. కళ్లు తుడుచుకుంటూ జోస్నా బయటికి వచ్చేసరికి గడులన్నీ నిండి ఉన్నాయి. అంకెలు వంకరగా ఉన్నా ఒక్క తప్పూ లేదు.

"నీకొస్తదా అత్తమ్మా?"

"దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల వంట చేసేటప్పుడే పిల్లలు నేర్పిండ్రు. నీ ధ్యాస మళ్లాలని అడిగిన," అంది కిష్టమ్మ.

పెన్ను మూత తప్పు కొసకు పెడుతూ, "డాక్టరేమన్నడు బిడ్డా?" అని అడిగింది.