నలభై రెండు దగ్గర

జనక్‌పురి తెలుగు సంఘం సభ్యుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేనే. ఏటా ఏప్రిల్‌లో కూర్చుని అందరి వయసూ ఒక్కో ఏడు పెంచేవాణ్ణి.

సాయానికి వచ్చిన ప్రణతి అది చూసి నవ్వింది.

"వయసు రాసి దాచుకోవడం ఎందుకు అంకుల్? పుట్టిన తేదీ ఉందిగా. అడిగినప్పుడల్లా కంప్యూటరే లెక్కకట్టి చెప్తుంది."

"ఇలాగే ఉండనీ అమ్మా. అలవాటైపోయింది."

"ఒక్కరిది మర్చిపోతే?"

"మర్చిపోను."

"అచ్ఛా, చూద్దాం," అంటూ నా వయసుల కాలమ్ పక్కనే తన లెక్క పెట్టి, రెండూ పోల్చింది.

"దొరికారు అంకుల్. తప్పు మీ ఇంట్లోనే. ఆంటీ నలభై రెండు దగ్గరే ఆగిపోయారు. ఇప్పుడు నలభై తొమ్మిది. ఇక మీ కాలమ్ తీసేయనా?"

హైమవతి పోయి ఏడేళ్లయిందని ప్రణతికి తెలియదు. జాబితాలోంచి పేరు తీసేయడానికి నాకు చేయి రాలేదు. వయసు పెంచడానికీ రాలేదు.

తెర మీద మా పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నా కాలమ్‌లో మా మధ్య తేడా పెరుగుతూ పెరుగుతూ పదకొండేళ్లయింది. ప్రణతి లెక్కలో నాకు యాభై మూడు, హైమవతికి నలభై తొమ్మిది. పెళ్లినాడు ఉన్న నాలుగేళ్లే.

"నా కాలమ్ తీసెయ్యమ్మా," అన్నాను.